అంతోనివారి పటం వెనక

కాస్తెలు ద వీద్, 9-11-54

అమ్మా, నేను కులాసా. దగ్గు తగ్గింది, బెంగపడకు.

నిన్న అమదేవు మామ ఇక్కడి పాత యూదుల వీధి చూపించాడు. ఓ ఖాళీ ఇంట్లోంచి బయటికొస్తూ, మన గుమ్మం పక్కనున్న పునీత అంతోనివారి పటాన్ని ముట్టుకున్నట్టే, అలవాటుకొద్దీ ద్వారబంధం తాకి వేళ్లు ముద్దు పెట్టుకున్నాను. అక్కడ పటం లేదు, వేలెడు గుంట ఉంది. నా వేళ్లు తిన్నగా అందులోకే వెళ్లాయి.

మామ నవ్వడం మానేసి, "ఇది నీకెవరు నేర్పారే?" అన్నాడు.

"మా అమ్మమ్మ."

"యూదులు దేవుడి మాట రాసిన చీటీ పెట్టుకున్న గుంట అది. వస్తూ పోతూ దాన్ని తాకి వేళ్లు ముద్దు పెట్టుకునేవారు. నాలుగొందల యాభై ఏళ్ల కిందట మన పోర్చుగల్ రాజు మతం మారండి, లేదా పొండి అంటే, వెళ్లినవాళ్లు వెళ్లారు. ఉండిపోయినవాళ్లు భయపడి చర్చిలో కలిశారు."

ఉన్ని మేజోళ్లు పంపు. మేక ఈనిందా?

అమ్మమ్మ చర్చిలో పూజకెళ్లినప్పుడు తలుపేసుకుని, ఆ పటం తీసి వెనక వేలు పెట్టి చూడు. ఇదంతా నేను కార్డు మీద రాయకూడదేమో. నువ్వు మాత్రం కవరులో రాసి, అంటించి పంపు.

నీ దీవెనలు కోరే
ఎర్మెలిండ