పనస మొద్దు బరువు

నాన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ల్యాబులో రోజంతా ఎవరెవరివో సిమెంటు, ప్లాస్టిక్, మందుబిళ్లల పొడులు మిషన్లో పెట్టి అలసిపోయాను. అది పొడిని మెల్లగా వేడిచేస్తూ, బరువెంత తగ్గుతోందో గీత గీస్తుంది. చివర్లో, నువ్వు వీణకని ఆరబెట్టిన పనస మొద్దు పొట్టు చిటికెడు పెట్టాను. చెక్కకైతే నూరు డిగ్రీలు దాటేసరికి నీరు పోతుంది, మూడొందల దగ్గర చెక్కే కాలుతుంది.

వీణకి చెక్కేయమని నేను తొందరపెడితే, మొద్దుకి ఒకవైపు నన్ను పట్టుకోమని, రెండోవైపు నువ్వెత్తి, "ఇంకా నీరున్నాదే అమ్మీ, బరువు సూడు" అనేవాడివి. నేను విసుక్కునేదాన్ని.

ఇవాళ నూరు దగ్గర గీత కొంచెమే దిగింది, అంటే నీరు దాదాపు ఆరిపోయినట్టే. అయినా నమ్మకం కుదరక, బొబ్బిలిలో మనింటికి రాగానే షెడ్డులోకెళ్లి మొద్దు ఎత్తి చూశాను.

ఒక్కదాన్నే ఎత్తగలిగాను.