ఎద్దు గంట, బ్యాటరీ నీళ్ల సీసా

రేవు పడవల ప్రయోగ పథకం అధికారి గారి సముఖమునకు,
నాందేడ్.
తేది: 22 జనవరి 1986.

విషయం: సావర్గావ్ రేవులో మరణించిన మారోతి గురించిన కాగితం సరిచేయుటకు, అందులో దోషి పేరు చేర్చుటకు మనవి.

అయ్యా,

సావర్గావ్ రేవులో పడవ నడుపు బెస్త భోజన్న అను నేను తమకు చేయు మనవి ఏమనగా, ఈ అర్జీ మరాఠీలో ఉండవలసినది. కచేరీ ముందు అర్జీలు రాసే అంబాదాస్ గారు నా మాట సగం విని కలానికి మూత పెట్టేశారు. "నీ మీద నువ్వే అర్జీ పెట్టుకుంటవా? పోయి పడవ నడుపుకో పో," అన్నారు. తమరు నిజామాబాద్ వైపు వారని బంట్రోతు చెప్పినందున, చిన్ననాడు నేర్చిన తెలుగులో నేనే రాస్తున్నాను. తప్పులు మన్నించగలరు. అక్షరాల తప్పులు మాత్రమే. మిగతావి మన్నించనక్కరలేదు.

1. గత దసరాకు ముందు తమ పథకం కింద నా పడవకు బ్యాటరీ మోటారు బిగించారు. ఇరవై ఏండ్లు తెడ్డు వేసి నా కుడి భుజం పైకి లేవని స్థితిలో ఉండగా అది వచ్చింది. మీట తిప్పితే చాలు, పడవ తానే పోయేది. పొగ లేదు, వాసన లేదు, చప్పుడు అసలే లేదు. ఆ చప్పుడు లేకపోవడం చూసి నేను మురిసిపోయిన మాట వాస్తవం.

2. మా రేవులో చేపలు పట్టే మారోతి నాకు అన్న వరుస. తెల్లవారకముందే గొంతు లోతు నీళ్లలో దిగి, సొరకాయ బుర్ర పట్టుకొని వల సర్దేవాడు. పొగమంచులో అతను నాకు కనబడడు, నేను అతనికి కనబడను. నా తెడ్డు కిర్రుమంటే "ఎవలు?" అని కేకేసేవాడు. "నేనే అన్నా," అంటే పక్కకు జరిగేవాడు. ఇరవై ఏండ్లు అట్లాగే నడిచింది.

3. మోటారు వచ్చిన వారానికే మారోతి అన్నాడు: "నీ పడవకు నోరు పడిపోయిందిరా భోజన్నా. గిది మంచిది కాదు." మరునాడు, చచ్చిపోయిన తన ఎద్దు మెడలోని గంట తెచ్చి పడవ ముందు కొనకు తానే కట్టాడు. నీళ్లు కదిలితే అది మోగేది.

4. డిసెంబరు పదో తేదీన తమరు తనిఖీకి వచ్చారు. మోటారుకు చప్పుడు లేదని అందరికీ తెలియాలని, తమరు రాకముందే నేను గంట విప్పి పీట కింద పెట్టాను. తమరు విప్పమనలేదు. గంట ఉన్నదని కూడా తమకు తెలియదు. తమరు పడవెక్కి, "చప్పుడే లేదయ్యా, భేష్," అని నా వీపు తట్టారు. ఆ తట్టుడుకు పొంగిపోయి, గంట తిరిగి కట్టడం మరిచాను.

5. పదకొండో తేదీ తెల్లవారుజామున, పాలవాళ్లను తెచ్చుటకు ఖాళీ పడవతో అవతలి ఒడ్డుకు పోతుండగా ముందు కొనకు ఏదో తగిలింది. మొద్దు అనుకున్నాను. అయ్యా, మొద్దే అనుకున్నాను. నాలుగు బారలు పోయాక సొరకాయ బుర్ర ఒక్కటే తేలుతూ పడవ పక్కకు వచ్చింది. దూకాను. మునిగి మునిగి వెతికాను. దొరకలేదు. మధ్యాహ్నం దిగువన వేరేవాళ్లకు దొరికాడు.

6. పంచనామాలో, మృతుడు తాగిన మైకంలో కాలు జారి పడగా తల రాతికి తగిలినదని, ఒడ్డున అతని బట్టల పక్కన సారా సీసా దొరికినదని రాశారు. ఆ సీసా నాది. బ్యాటరీలో పోసే నీళ్లు దుకాణం నుండి పాత సారా సీసాలో పట్టి తెచ్చుకునేవాణ్ణి. చీటీ కూడా చింపలేదు. ఆ ఉదయం బ్యాటరీకి నీళ్లు పోసి అక్కడే వదిలాను. దాన్ని ఎవరూ వాసన చూడలేదు. నేను అక్కడే, తడి బట్టలతో నిలబడి ఉన్నాను. నా నోరు లేవలేదు. మారోతి జన్మలో సారా ముట్టలేదు.

కావున తమరు దయతో ఆ కాగితంలో సారా మాట కొట్టివేయించి, నా పేరు రాయించి, నాకు ఏ శిక్ష ఉన్నదో అది ఇప్పించవలెను. ఇతర రేవులకు ఇవ్వబోవు మోటారు పడవలలో ఒక్కదానినీ గంట లేకుండా నీళ్లలో దింపరాదు. నా పడవకు మారోతి పోయిన మరునాడే కట్టాను. ఒకరోజు ఆలస్యంగా కట్టాను.

ఈ సంగతులు చిత్తగించవలెను.

తమ విధేయుడు అని రాయుటకు అర్హత లేని,
బెస్త భోజన్న

తాజా కలం: అర్జీ మడత పెడుతుండగా మారోతి భార్య ఇందుబాయి అవతలికి పోవాలని మూటతో రేవుకు వచ్చింది. అతను పోయిన తర్వాత ఆమె పడవెక్కడానికి రావడం ఇదే మొదలు. గంట చూసి ఆగిపోయింది. "గిది మా ఎద్దుది కదా?" అంది. వదినెను ఒడ్డున కూర్చోబెట్టి ఈ అర్జీ అంతా చదివాను.

"అయితే ఆయన తాగలేదా?" అని అడిగింది.

"లేదు వదినా."

"నలభై రెండు దినాల సంది నేను ఆయన్ని తిట్టుకుంటనే ఉన్న. నాకు తెల్వకుంట తాగిండని. దీపం గూడ పెట్టలే." ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది. తర్వాత, "గంట పడవకే ఉండనీ. నీ పడవ మాత్రం నేనెక్క," అని మూట తీసుకొని లేచింది.

వంతెన ఇక్కడికి మూడు కోసుల దూరం. పిలిచాను. ఒడ్డు వెంబడి నడిచి పోయింది. కావున తమరు మిగతావి ఎప్పుడు చేసినా సరే, మారోతి తాగలేదన్న మాట ముందు రాయించి, ఆ కాగితం నకలు ఆమెకు ఇప్పించగలరు.