సబ్బుల మిషన్‌గా నా వారం

శనివారం, ఉదయం 6.00
నా కోడలు పదహారేళ్లుగా సబ్బుల ఫ్యాక్టరీలో చేత్తో సబ్బులు పెట్టెల్లో సర్దుతోంది. ఇప్పుడు ఆ పనికి, నోటితో చెబితే చేసే ఒక ఇనుప చెయ్యి వచ్చింది. సర్దే ఆరుగురిలో దాన్ని నడపడం వచ్చిన ఒక్కరికే ఉద్యోగం. పరీక్ష శుక్రవారం. శిక్షణ పేరుతో ఒక పుస్తకం ఇచ్చారు. మిషన్‌ని మాత్రం ముట్టుకోనివ్వరట.
కాబట్టి నా నిర్ణయం: ఈ వారమంతా, రోజూ గంటసేపు, వంటింట్లో ఆ మిషన్ నేనే. చెప్పింది చేస్తాను. చెప్పనిది చెయ్యను. నోరు విప్పను. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, గంటసేపు బుర్ర పక్కన పెట్టలేనా?

ఆదివారం, 6.10
"సబ్బు పట్టుకోండి అత్తయ్యా, మీకు ఇబ్బంది లేకపోతేనే."
పట్టుకున్నాను.
"తిరగండి."
ఎంతవరకో చెప్పలేదు. తిరుగుతూనే ఉన్నాను. పేపరు కోసం వచ్చిన మా అబ్బాయి "ఏమైందమ్మా?" అన్నాడు. మిషన్ జవాబివ్వదు. డాక్టరుకి ఫోన్ చేశాడు.
మాటలు: సున్నా.

సోమవారం
పెట్టె మూత తెరవమనకుండానే "వదలండి" అంది. "మూత" అన్నాను. అది మాట కాదు, అలారం. ఖరీదైన మిషన్లకు అలారం ఉంటుంది. నేనేమైనా చవక రకమా?

మంగళవారం
అలారాలు: ఇరవై ఏడు. వాటిలో ఒకటి పొయ్యి గట్టు తుడిచిన తీరు గురించి.

బుధవారం
మోకాలు నొప్పి. మరమ్మతు సెలవు.

గురువారం
నిన్నటి నష్టం పూడ్చాలిగా. ఆమె చెప్పేలోపే మూతలు నేనే తెరిచేశాను. అరవై సబ్బులు చకచకా సర్దేశాను.
"మీతో ఎంత తేలికో అత్తయ్యా!"
పొంగిపోయాను. మాటలు లెక్కపెట్టలేదు.

శుక్రవారం, సాయంత్రం 5.30
కోడలు చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడింది.
"మూత తెరవమనడం మరిచిపోయి వదలమన్నాను."
"అది అలారం కొట్టలేదూ?"
"లేదు. మీలాగే 'మూత' అంటుందేమోనని ఆగాను. నలభై సబ్బులు మూత మీద పడి నేలంతా దొర్లాయి. పరీక్ష పెట్టినాయన జారిపడ్డాడు."
"దెబ్బ తగిలిందా?"
"ఆయనకు తగల్లేదు. నాకే తగిలింది."
మిగతా ఐదుగురూ తప్పారట. సోమవారం మళ్లీ పెడతారు, అదే ఆఖరు.
తప్పు ఆమెది కాదు. ఆ ఇనుప ముక్కకు ఉన్న క్రమశిక్షణ నాకు లేకపోయింది.

శనివారం, ఉదయం 6.00
మళ్లీ మొదలు. ఈసారి మిషన్ నోటినిండా నీళ్లు పోసుకుంది.

6.12
మళ్లీ మూత మరిచి "వదలండి" అంది. వదిలాను. సబ్బు మూత మీద నుంచి జారి పక్కనున్న పాలగిన్నెలో పడింది. ఆమె అది గమనించలేదు, ఏమైనా అంటానేమోనని నా ముఖమే చూస్తోంది. నేను గోడ వైపు చూశాను. చాలాసేపు చూశాను.
"ఆగండి," అంది చివరికి, తనలో తాను అనుకుంటున్నట్టు. "వెనక్కి రండి. మూత తెరవండి. ఇప్పుడు వదలండి."
ఆ తర్వాత ముప్పై సబ్బులు. ఒక్క తప్పు లేదు.

6.40
ఆమె ఇంకా సర్దిస్తూనే ఉంది. మా అబ్బాయి వచ్చి ఆ పాలతో కాఫీ కలుపుకుంటున్నాడు.
చెప్పమని నాకెవరూ చెప్పలేదు.