స్కై దీవిలో అడ్డం పడుకున్న గొర్రె

అత్తయ్యా,

మీ సంవత్సరీకం అయ్యాక స్కాట్లాండ్ వచ్చాం. మీరు పోయిన దగ్గర్నుంచీ మీ అబ్బాయికి మాటే తగ్గిపోయింది. అమెరికాలో, మా నోవైలో ఇంట్లో పిల్లలతోనే కాదు, నాతోనూ ఇంగ్లీషే.

ఇవాళ స్కై అనే దీవి చుట్టూ డ్రైవ్ చేశాం. ఒకవైపు నల్లటి రాతికొండలు, మరోవైపు సముద్రం, మధ్యలో ఒక్క కారు పట్టే రోడ్డు. మీరుంటే కళ్ళు మూసుకుని "మెల్లిగా నాయనా" అంటూనే ఉండేవారు.

ఒక మలుపులో ఓ గొర్రె రోడ్డు మధ్యన పడుకుంది. హారన్ కొట్టినా కదల్లేదు. మీ అబ్బాయి వానలోనే దిగి, అచ్చం మీలా నడుం మీద చెయ్యి పెట్టుకుని, "లేవవే తల్లీ, నీకు పుణ్యముంటుంది!" అన్నారు. నాకు నవ్వాగలేదు. ఇంతలో గట్టు మీంచి ఒక ముసలావిడ వాళ్ళ భాషలో ఏదో కేకేసింది. గొర్రె లేచి పోయింది. అప్పుడు ఆయనా పగలబడి నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో!

ఆవిడ కిందికి దిగొచ్చి ఇంగ్లీషులో అడిగింది, "ఇందాక మీరు దాంతో మాట్లాడింది ఏ భాష?"

"మా అమ్మది," అన్నారు.

తెలుగు అని నేనూ సరిదిద్దలేదు.

మీ కోడలు,
సుజాత