కునైత్రా గేటు దాటిన పళ్ళు

మజ్దల్ షమ్స్,
ఫిబ్రవరి 2005

ప్రియమైన హాయెల్ అన్నయ్యకు,

పోయిన శుక్రవారం ఇవతలి కొండమీంచి మైకులో ఎంత అరిచినా, గాలికి కంచె అవతల నిలబడ్డ నీకు వినపడలేదు. చదువుకునే పిల్లల్ని మాత్రం దాటనిస్తారుగా, అందుకే డమాస్కస్‌లో చదివే పక్కింటమ్మాయి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

మన యాపిల్ పళ్ళు కంచె దాటుతున్నాయి! మీ అక్కడి ప్రభుత్వం, మా ఇక్కడి ప్రభుత్వం ఒకదాని మొహం ఒకటి చూసుకోవు గానీ, పళ్ళకి మాత్రం ఒప్పుకున్నాయట. కునైత్రా గేటు దగ్గర రెడ్ క్రాస్ లారీలు అందుకుంటాయి. ఇక్కడ గోదాముల నిండా సరుకే, కొనే నాథుడు లేడు. ఈ దారి తెరవకపోతే తోట అమ్ముకునేదాన్ని.

నువ్వు చదువుకని డమాస్కస్ వెళ్ళిన నెలలోనే యుద్ధమొచ్చి, మన ఊరు పరాయి దేశం చేతిలోకి పోయి, మధ్యన కంచె వేశారు. ముప్పై ఎనిమిదేళ్ళుగా మనకివ్వని దారి పళ్ళకిచ్చారు, చూశావా! పెట్టె అడుగున నాన్న పేరు రాస్తాను, వెతుక్కో.

నీ చెల్లెలు,
యుస్రా

*

జరమానా, డమాస్కస్,
మార్చి 2005

ప్రియమైన చెల్లి యుస్రాకు,

నీ ఉత్తరం చదివి మీ వదిన ముందే భోరున ఏడ్చాను. "పళ్ళకే ఇంత ఏడిస్తే, రేపు చెల్లెలొస్తే ఏడవడానికి కన్నీళ్ళేం మిగుల్తాయండీ?" అంది.

నాన్న నాటిన అరవై చెట్లూ కళ్ళముందే ఉన్నాయి. ఊట దగ్గర వంగిన చెట్టు, నువ్వెక్కి దిగలేక గోల చేసిన చెట్టు. వాటిలో ఒక్కటి కొట్టినా నాకు చెల్లెలే లేదనుకుంటానని, నువ్వు కొట్టిద్దామా అన్నప్పుడు మైకులో అరిచాను. కంచెకి రెండు వైపులా జనం విని నవ్వారు. నవ్వనీ! ఇప్పటికీ నాది అదే మాట.

నీ అన్నయ్య,
హాయెల్

*

జరమానా,
ఏప్రిల్ 2005

ప్రియమైన యుస్రా,

నా ఉత్తరానికి ఉలుకూ పలుకూ లేదేం? అలిగావా?

పళ్ళొచ్చాయి! మూడు రోజులు మార్కెట్లో పెట్టెలన్నీ తిరగేశాను. "ఏం పెద్దాయనా, కొంటావా, పెళ్ళిచూపులు చూస్తున్నావా?" అన్నాడు కొట్టువాడు. నాలుగో రోజు నాన్న పేరు దొరికింది. బేరమాడకుండా పెట్టె మొత్తం కొనేశాను.

ఇంటికి తెచ్చి అందరికీ తలా ముక్క పెట్టాను. అచ్చం నాన్న చెట్టు రుచే! ఒక్క మాట రాయవే తల్లీ.

హాయెల్

*

మజ్దల్ షమ్స్,
మే 2005

ప్రియమైన అన్నయ్యా,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. జవాబు రెండుసార్లు రాసి చింపేశాను.

అది నాన్న చెట్టు పండు కాదు. ఆ అరవైలో ఒక్క చెట్టూ లేదు. పదకొండేళ్ళ కిందట మా ఆయన పోయాక, ఆ చిన్న పళ్ళు ఎవరూ కొనక, నేనే దగ్గరుండి కొట్టించాను. కొత్త మొక్కలు వేసి, మంచు కరిగిన నీళ్ళు తొట్టిలో పట్టి బతికించుకున్నాను.

కొండెక్కి "నాన్న చెట్లు బాగున్నాయి" అని నీకు అరుస్తుంటే, పక్కన నిలబడ్డ ఊరివాళ్ళు తలలు దించుకునేవారు. ఒక్కరు కూడా నా అబద్ధం బయటపెట్టలేదు.

నువ్వు తప్ప నాకు పుట్టింటివాళ్ళు ఎవరున్నారు? ఎంతైనా తిట్టు, పడతాను. చెల్లెలే లేదని మాత్రం అనకు.

యుస్రా

*

జరమానా,
జూన్ 2005

ప్రియమైన పిచ్చి చెల్లీ,

మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయింది. నాన్న పళ్ళు ఎంత పులుపో మర్చిపోయావా? అమ్మ చూడకుండా గాడిదకి పెడితే అది కూడా ఉమ్మేసేది! నీ పండు తేనె.

మరి అలా ఎందుకు రాశానంటావా? మీ వదినా పిల్లలూ నా మొహమే చూస్తున్నారు. ఇన్నేళ్ళూ వాళ్ళకి ఊరించి చెప్పిన రుచి. ఇదే ఆ రుచి అనేశాను. నీకూ అదే రాసేశాను. ఒకే తల్లి పిల్లలం, అబద్ధాల్లో కూడా!

చెట్లు కొట్టొద్దన్నది నాన్న మీద భక్తితో కాదు యుస్రా. తిరిగొచ్చిన రోజున మన ఇల్లు గుర్తుపట్టలేనేమోనని భయం. ఇక్కడ రాత్రుళ్ళు కళ్ళు మూసుకుని, మనసులోనే ఊట నుంచి గుమ్మం దాకా ఆ చెట్లమ్మటే నడుచుకుంటూ వచ్చేవాణ్ణి. నా నడక కోసం నీ కడుపు మాడాలన్నాను. సిగ్గేస్తోంది.

వచ్చే ఏడు కూడా పంపు. మా చెల్లెలి తోట పళ్ళని మార్కెట్లో అందరికీ చెబుతాను.

ఈలోగా ఊట దగ్గర్నుంచి మొదలుపెట్టి, నీ కొత్త చెట్లలో ఏది ఎక్కడుందో ఒక్కొక్కటే రాయి. ఇంటి దారి మళ్ళీ నేర్చుకోవాలి.

నీ అన్నయ్య,
హాయెల్