బెత్తెడు రంగు

మధ్యలో ఆపకుండా చదవాల్సిన నాన్నకు,

ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేమిటని నవ్వకు. నీ ఎదురుగా కూర్చుంటే నోరు పెగలడం లేదు. అందుకే నీ కళ్లద్దాల పెట్టెలో పెడుతున్నాను. కాలువ మీద నిరుడు వేసిన కాలినడక వంతెన ఉంది కదా, అది నా డిజైను. ఇన్నాళ్లూ నీకు చెప్పలేదు.

ఎలా చెప్పను? జన్మంతా వంతెనలకు తుప్పు గీకి రంగులు వేసినవాడివి. మొదటి రోజే చూసొచ్చి, "ఎవడు కట్టాడో గానీ రంగు వెయ్యడానికి బద్ధకించాడు. తుప్పుని అలా వదిలెయ్యడమంటే దొంగ చేతికి తాళాలివ్వడమే!" అన్నావు. నేను కంచం ముందు నుంచి లేచిపోయాను. అది మామూలు ఉక్కు కాదు నాన్నా. తడిసి, ఆరి, మళ్లీ తడిసి, ఆరి, పైన తుప్పు గట్టి పొర కడుతుంది. ఆ పొరే లోపలి ఉక్కును కాస్తుంది. ఇక రంగుతో పని లేదు. ఈ మాట నీతో అంటే నీ బతుకంతా దండగన్నట్టు ఉంటుందేమోనని భయపడ్డాను. సిగ్గు కూడా వేసింది, దేనికో తెలీదు.

మొన్న అవతలి ఒడ్డున, దూలం చివర, ఎవరో బెత్తెడు మేర గీకి ఎర్ర ప్రైమర్ వేశారు. ఇవాళ అది చూసి మా పెద్దింజనీరు మండిపడి, "రేపు పొద్దున్నే గీకించెయ్, ఆ ఆకతాయి ఎవడో కనుక్కో" అన్నారు. వెళ్లి చూశాను. అంచు స్కేలు పెట్టి గీసినట్టుంది, ఒక్క చుక్క కారలేదు. అంత శుభ్రంగా రంగు వేసే ఆకతాయి ఈ ఊళ్లో ఒక్కడే, వాడు మన ఇంట్లోనే ఉన్నాడు.

ఎందుకు వేశావు? కోపంతోనా? వంతెనంతా వదిలి ఆ బెత్తెడే ఎందుకు? గీకిస్తే నిన్ను అవమానించినట్టు, వదిలేస్తే నా డిజైను నేనే కాదన్నట్టు. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఏం చెయ్యమంటావు?

నీ
గీతలమ్మ

---

అమ్మా గీతలమ్మా,

ఆకతాయిని నేనే.

ఆ రోజు నువ్వు కంచం ముందు నుంచి లేచిన తీరు చూసే వంతెన నీదని తెలిసిపోయింది. అప్పట్నుంచి ఉండబట్టలేక రోజూ వెళ్లి గోటితో గీరి చూస్తున్నాను. మన పరీక్ష నీకు తెలుసుగా, పొర ఊడితే ఇనుము పోతున్నట్టు. ఎక్కడా ఊడలేదు. నలభై ఏళ్లు తుప్పుతో కాపురం చేసినవాణ్ణి, ఊడని తుప్పు చూసి బుర్ర తిరిగిపోయింది. నాతో పనిలేని వంతెన నా కూతురే కట్టిందని ఏడుపొచ్చింది. అబద్ధమెందుకు?

ఆ బెత్తెడు మాత్రం పొరలు పొరలుగా ఊడొచ్చింది. అక్కడ ఎండుటాకులు పేరుకుని నీళ్లు నిలుస్తున్నాయి. తడవడమే గానీ ఆరడం లేదు. నీ ఉక్కుకి ఆరడం కావాలని నీ ఉత్తరం చదివాకే అర్థమైంది. చెప్తే నొచ్చుకుంటావని దొంగచాటుగా రంగు కొట్టాను. రోగం దాచిపెట్టడం తప్పే.

రేపు గీకించు. గీకేది నేనే. కింద ఏముందో మీ పెద్దింజనీరుకి నువ్వే చూపించు, నీళ్లు పోయే దారి చెయ్యి. ఆ తర్వాత కూడా ఆ చివరకి రంగు కావాలంటే నీ డిజైనులో రాసుకో. బ్రష్షు నానబెట్టాను.

నాన్న