కొచ్చిలో ఒక ఖాళీ ఇల్లు

పార్వతీ,

మొన్న జీడిపప్పు బేరానికి పలాస నుంచి కొచ్చి వెళ్లాను. అక్కడ యూదుల గుడి ముందు చిన్న కూడలి, మనిషి అలికిడి లేదు. వాళ్లంతా ఇళ్లొదిలి ఇజ్రాయెల్ పోతున్నారట. ఒక గుమ్మం ముందు సామాన్ల బండి నిలబడి ఉంది. లోపల ముసలమ్మ ఖాళీ ఇల్లు ఊడుస్తోంది, బండి దగ్గర కొడుకు అరుస్తున్నాడు. వాళ్ల భాష నాకు రాదు గానీ, రంగూన్‌లో నేను నీ మీద అరిచిందే అయ్యుంటుంది.

యుద్ధంలో జపానోళ్ల బాంబులు పడుతున్నా నువ్వు చీపురు వదల్లేదు. "మనమెల్లిపోతే ఈ ఇల్లెవులు ఊడుత్తారు మావా?" అన్నావు. ఆఖరి ఓడ వెళ్లిపోయింది. మన దేశానికి కాలినడకన బయల్దేరాం. జ్వరంతో నువ్వు అడవిలోనే పోయావు.

ఆ కొడుకు నావైపు చూశాడు. తల్లిని లాక్కుపొమ్మని సైగ చెయ్యాలో, ఊడవనిమ్మని చెయ్యాలో తేలక, చేతులు కట్టుకుని నిలబడ్డాను.